తాడొగ్గేసిన పిల్ల

గెలుస్తున్న ఆటలో తాడు వదిలేసి పరిగెత్తిన పిల్లని ఏమనాలి? పిచ్చిదనాలా, పిరికిదనాలా? మండలం ఆటల పోటీల రోజున మైదానంలో ఉన్న జనం రెండూ అన్నారు. కూర్మమ్మకి చెవులు బాగానే పనిచేస్తాయి కాబట్టి అన్నీ విన్నది.

జరిగింది ఇది. తాడులాగుడు పోటీ. అటు ఎనిమిది మంది ఆడపిల్లలు, ఇటు ఎనిమిది మంది. మూడుసార్లు లాగాలి, రెండుసార్లు గెలిచినవాళ్ళదే ఆట. మొదటిసారి కూర్మమ్మ వాళ్ళ బడి ఎదుటివాళ్ళని ఊపిరి తీసుకోనివ్వకుండా ఇవతలికి ఈడ్చిపారేసింది. రెండోసారీ ఈడ్చేస్తున్నారు. తాడు కొస పట్టుకుని అందరికంటే వెనక ఉన్న కూర్మమ్మ, వెనక్కి నడిచి నడిచి ఒకచోట ఠక్కున ఆగింది. తాడు వదిలేసింది. ఒక్క పరుగున వెళ్ళి అందరికంటే ముందు నిలబడి మళ్ళీ పట్టుకుంది. రిఫరీ విజిలు ఊదాడు, ఫౌలన్నాడు, ఆ లాగుడు ఎదుటివాళ్ళకి ఇచ్చేశాడు. పాపం, మంచివాడే. "తాడు వదలకూడదమ్మా, చోటు మారకూడదు" అని విడమరిచి చెప్పాడు. కూర్మమ్మ బుద్ధిగా తలూపింది.

మూడోసారి లాగారు. మళ్ళీ గెలుస్తున్నారు. మళ్ళీ వదిలేసింది, మళ్ళీ ముందుకే పరిగెత్తింది!

చెప్పాక కూడా చేస్తే ఎవరికి ఒళ్ళు మండదు? వ్యాయామం నేర్పే సుహాసిని టీచర్ మెడలో విజిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడది రాజాం. అంత తొందరగా కోపం వచ్చే మనిషి కాదు. "ఎందుకలా చేశావే తల్లీ?" అని మాత్రం అడిగింది.

"తెలీదు టీచర్. ముందర బరువెక్కువైపోనాదనిపించినాది. కాళ్ళెల్లిపోనాయి" అంది కూర్మమ్మ.

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అర్థమవ్వాలంటే పేటలో పుట్టాలి. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే ఇసకలో ఉంటుంది ఆ జాలరిపేట. అక్కడ అలివి వల లాగుతారు. తెప్ప మీద లోపలికి వెళ్ళి వలని చుట్టూ తిప్పి వదిలి వస్తారు, దాని రెండు తాళ్ళనీ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతాయి. లాగుతూ లాగుతూ ఇసకదిబ్బ దాకా వచ్చిన మనిషి తాడు వదిలి, నీళ్ళ దగ్గరికి పరిగెత్తి, అందరికంటే ముందు మళ్ళీ పట్టుకోవాలి. అతని వెనకే ఇంకొకరు. వల ఒడ్డుకి చేరేదాకా వరస అలా తిరుగుతూనే ఉంటుంది. దిబ్బ దగ్గరే నిలబడిపోయినవాణ్ణి సోమరిపోతని తిడతారు. కూర్మమ్మ సెలవు రోజుల్లో ఆ తాడు పట్టుకునే పెరిగింది. రిఫరీ చెప్పింది ఆ పిల్ల బుర్రకెక్కింది గానీ కాళ్ళకెక్కలేదు, ఇంతే సంగతి.

ఇంతే సంగతయితే బాగుండును. ఓడినందుకు పోయింది కప్పు కాదు, ఆటల పిరియడ్.

హెడ్మాస్టర్ సన్యాసిరావు గారు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన అందరికంటే ముందు బడికి వస్తాడు, అందరికంటే వెనక వెళ్తాడు, తొమ్మిదికీ పదికీ లెక్కలు తనే చెప్తాడు. ఆ ఏడాది తొమ్మిదో తరగతి లెక్కల మార్కులు చూసి ఆయనకి నిద్ర పట్టలేదు. వచ్చే ఏడు వీళ్ళంతా పది రాయాలి. వారానికి రెండు ఆటల పిరియడ్లున్నాయి, రెండూ లెక్కలకి ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాడు. సుహాసిని టీచర్ బతిమాలింది. "సరే, మండలంలో గెలిచి రండి, పిరియడ్లు ఉంచుతాను. ఓడిపోతే తాడు బీరువాలో పెడతాను" అన్నాడాయన. అన్నంత పనీ చేశాడు. పోటీల మర్నాడే తాడు ఆఫీసు గదిలో ఇనప బీరువాలోకి పోయింది, తాళం ఆయన జేబులోకి పోయింది.

ఒక తాడు కోసం ఇంత ఏడుపేమిటి అనేవాళ్ళుంటారు. ఉండనీండి. వాళ్ళు ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని ఉండరు.

బడి పైఊళ్ళో ఉంది. పైఊరంతా వరి, నువ్వులు పండించే రైతులు. పేట పిల్లలు ఆటోలో వచ్చేసరికి ముందు బెంచీలు పైఊరి పిల్లలతో నిండిపోయి ఉంటాయి. ఎవరూ తోసెయ్యలేదు, అలాగని ఎవరూ జరగనూ లేదు. ఆరో తరగతిలో కూర్మమ్మ ఎక్కిన వెనక బెంచీ తొమ్మిదో తరగతి వచ్చినా దిగలేదు. దానికి తోడు ఆ పేరొకటి. ఇంట్లోవాళ్ళు కూర్మనాథస్వామికి మొక్కుకుని భక్తిగా పెట్టుకుంటే, బళ్ళో పిల్లలు 'తాబేలూ' అని పిలిచేవాళ్ళు. కూర్మమ్మ నోరు కట్టేసుకుంది. పంతుళ్ళు ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, కూర్చోమంటే కూర్చునేది.

ఆ ఏడాది బళ్ళు తెరిచిన కొత్తలో సుహాసిని టీచర్ తాడు తెచ్చి, "లాగేటప్పుడు కేక ఎవరు పెడతారు?" అంది. ఎవరూ పలకలేదు. కూర్మమ్మ నోట్లోంచి "హైలెస్సా!" అని వచ్చేసింది. ఆ కేకకి ఆఫీసు గదిలోంచి హెడ్మాస్టర్ బయటికొచ్చాడు. పైఊరి రైతుబిడ్డ అనిత, లెక్కల్లో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల, వెనక్కి తిరిగి, "ఓలమ్మ! నీకు నోరున్నాదేటే?" అంది. ఆ రోజు నుంచి తాబేలన్న పిలుపు పోయింది. పేట పిల్లలు నలుగురు, పైఊరి పిల్లలు నలుగురు ఒకే తాడు పట్టుకున్నారు. మధ్యాహ్నం అన్నాలు కూడా కలిసే తిన్నారు. కూర్మమ్మకి బడి మొదటిసారి తన బడిలా అనిపించింది. ఇప్పుడు తన కాళ్ళే దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టించాయి.

తాడు బీరువాకెక్కిన రోజు అనిత కడిగేసింది. "నీ వల్లే పోనాది. సెప్పినా ఇనవు. నీ కాళ్ళు ఇరగ!" అంది.

"ఔను. నానే పోగొట్టినాను. నానే తెస్తాను" అంది కూర్మమ్మ.

"ఎలగ తెస్తావు? బీరువా బద్దలుగొడతావేటి?"

"అడుగుతాను."

అడగడం అంత తేలిక కాదు. ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి వెళ్ళేసరికి లోపలున్న అటెండర్ ఎర్రన్న, "ఏటమ్మా, గుమ్మం అరిగిపోద్ది, లోపలికెల్లు" అన్నాడు. వెళ్ళింది.

"సార్, తప్పు నాది. సిచ్చ నాకెయ్యండి. పిరియడ్ ఆల్లకి ఇచ్చీయండి" అంది ఒక్క గుక్కలో.

సన్యాసిరావు గారు కళ్ళజోడు తీశాడు. "శిక్ష కాదమ్మా ఇది. లెక్కలు రావాలి మీకు. నీకెన్నొచ్చాయి లెక్కల్లో?"

కూర్మమ్మ చెప్పింది. చెప్పుకోదగ్గ మార్కులు కావు.

"మీ జట్టులో ఎందరు పాసయ్యారు?"

"ముగ్గురు సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. వచ్చే సమ్మేటివ్ పరీక్షలో మీ ఎనిమిది మందీ లెక్కలు పాసవ్వండి. తాడు తీసిస్తాను, పిరియడ్లు ఇస్తాను. ఒక్కరు తగ్గినా లేదు. మళ్ళీ నన్నడగొద్దు."

"అలాగే సార్" అంది కూర్మమ్మ. బయటికొచ్చాక గానీ తనేం ఒప్పుకుందో తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి వెళ్ళి మాట మార్చలేదు. అది ఆ పిల్ల మొండితనం. మొండితనం అన్నాను, తిట్టు కాదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎనిమిది మందీ వరండాలో కూర్చున్నారు. అనిత గడగడా లెక్క చెప్పేసేది, మిగతావాళ్ళు గడగడా రాసేసుకునేవాళ్ళు. అందరికీ వచ్చినట్టే ఉండేది. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే ఒక్కరూ చెయ్యలేకపోయేవాళ్ళు. ఇక అరుణశ్రీ సంగతి చెప్పనక్కర్లేదు. అది కూర్మమ్మ పక్కింటి పిల్ల. తాడు పట్టుకుంటే గట్టిదే, సుద్దముక్క పట్టుకుంటే లెక్క కదిలేది కాదు. లెక్కలో ఎక్స్ కనబడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఈ ఎక్స్‌కి ఊరూ పేరూ లేదేటి, ఏల నా మీద పడతాది?" అనేది. అనితకి విసుగొచ్చింది. "నాను ఎన్నిపాల్లు సెప్పాలి? దీనికి రాదు. ఇది పాసవ్వదు, తాడు రాదు, ఒదిలీయండి" అని పుస్తకం మూసేసింది. పేట పిల్లలకి కోపం వచ్చింది. పైఊరి పిల్లలు లేచి ముందు బెంచీలకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరి చోటు వాళ్ళదే అయిపోయింది.

ఆ ఆదివారం కూర్మమ్మ వల దగ్గరికి వెళ్ళింది గానీ మనసు అక్కడ లేదు. మామ్మ గురమ్మ ఎండు చేపలు తిరగేస్తూ దిబ్బ దగ్గర కూర్చుని ఉంది. మనవరాలు దిబ్బ దాకా వచ్చి, తాడు పట్టుకునే నిలబడిపోయింది. రిఫరీ మాట ఇప్పుడు, ఇక్కడ ఎక్కింది కాళ్ళకి!

"ఏటే గుంటా, ఆడ కొసనే నిలబడిపోనావు?" అని అరిచింది గురమ్మ. "ఎల్లు ముందుకి! కొసకొచ్చినోలు ముందుకెల్లకపోతే వల ఎలగొస్తాది? ఎనక ఉండిపోయినోలందరూ ఎనకే ఉంటే ముందరున్నోలకి బరువు కాదేటి?"

కూర్మమ్మ ముందుకి పరిగెత్తింది. నీళ్ళు మోకాళ్ళకి తగిలాయి. తాడు మళ్ళీ అందుకుంటూ ఆగిపోయింది. తమ తరగతి గుర్తొచ్చింది. అక్కడ కొసకొచ్చినవాళ్ళు ముందుకి వెళ్ళడమే లేదు. అనిత ఒక్కతే ముందు నిలబడి లాగుతోంది, మిగతావాళ్ళు తాడు మీద చేతులేసి నడుస్తున్నారు. మరి వల ఎలా వస్తుంది!

సోమవారం ప్రార్థన అయ్యాక జట్టు పిల్లల్ని పట్టుకుని లాక్కొచ్చింది. "బెంచీ పట్టండి" అంది.

"ఏ బెంచీ?"

"ఎనకది. ముందుకెయ్యాల. రేపు దాని ముందున్న బెంచీ. ఎల్లుండి ఇంకోటి. వరస తిరగాల."

"నీకు పిచ్చి పట్టినాదా?" అంది అనిత. కానీ కూర్మమ్మ అప్పటికే ఒక కొస ఎత్తేసింది. రెండో కొస అరుణశ్రీ ఎత్తింది. బరువైన పాతకాలపు చెక్క బెంచీ అది, ఇద్దరి వల్లా కాలేదు. అనిత గొణుక్కుంటూనే వచ్చి మధ్యలో చెయ్యి వేసింది. మిగతా బెంచీలన్నీ తలో వరస వెనక్కి జరిగాయి. ముందు బెంచీవాళ్ళు మొహాలు ముడుచుకున్నారు, ఒకడైతే సార్‌కి చెప్తానని బెదిరించాడు.

చెప్పే పని లేకుండానే సార్ వచ్చాడు. ఎదురుగా ఎప్పుడూ కనిపించే మొహాలు లేవు. పేట పిల్లలు ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర్లో కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. "ఏమిటిది?" అన్నాడు.

కూర్మమ్మ లేచింది. "వరస తిరుగుతాది సార్. కొసకొచ్చినోలు ముందుకొస్తారు. రేపు ఇంకో బెంచీ వస్తాది."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా వల కాడ అలగే లాగుతారు సార్."

తరగతంతా గొల్లుమంది. సన్యాసిరావు గారు నవ్వలేదు. బెంచీల వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. "పరీక్ష దాకా చూస్తాను" అని సుద్దముక్క అందుకున్నాడు.

వరండాలో చదువు కూడా మారిపోయింది. ఎవరికి రాదో వాళ్ళే ముందు నిలబడాలి, సుద్దముక్క వాళ్ళ చేతిలోనే ఉండాలి. గచ్చు మీద లెక్క వెయ్యాలి. మిగతావాళ్ళు జవాబు చెప్పకూడదు. "తరవాత? తరవాత?" అని వెనక నుంచి లాగడమే. లెక్క తేలితే ఆ పిల్ల వెనక్కి వెళ్తుంది, రానిది ముందుకి వస్తుంది. అనితకి ఇది ప్రాణసంకటంగా ఉండేది. జవాబు నాలిక చివరికి వచ్చేసేది, ఆపుకోలేక చెప్పేసేది. అప్పుడు కూర్మమ్మ "ఫౌల్!" అని అరిచేది. ఫౌలయితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. కొన్నాళ్ళకి అనిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది. ఒకరోజు తనే, "ఓలి, నాను సెప్పీసిన లెక్కలు ఎవలికీ రాలేదు. సెప్పకుండా ఊరుకున్నవే వచ్చినాయి" అంది. సుహాసిని టీచర్ అటుగా వెళ్తూ ఆగి వినేది. తాడు లేకపోయినా తన జట్టు ఇంకా లాగుతూనే ఉందని ఆవిడకి తెలిసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేది.

అరుణశ్రీ ఏడుస్తూనే నేర్చుకుంది. అందరికంటే ఎక్కువసార్లు ముందు నిలబడింది అదే. నెమ్మదిగా ఎక్స్‌తో పరిచయం కుదిరింది. స్నేహమైతే కుదరలేదు.

పరీక్షలు అయ్యాయి. పేపర్లు ఇచ్చారు. కూర్మమ్మ పాసయింది, బాగానే పాసయింది. అనిత సంగతి సరేసరి. ఇంకొకరు, ఇంకొకరు, అలా ఏడుగురు పాసు. అరుణశ్రీకి రెండు మార్కులు తగ్గాయి.

ఎనిమిది మందీ ఆఫీసు గదిలో నిలబడ్డారు. సన్యాసిరావు గారికీ కష్టంగానే ఉంది. బల్ల మీద పేపర్లు అటూ ఇటూ సర్దాడు. "చాలా బాగా చదివారమ్మా. కానీ ఒక్కరు తగ్గినా లేదన్నాను" అన్నాడు.

"రెండు మార్కులే గద సార్, కలిపీయండి" అంది అనిత.

"ఒద్దు సార్, కలపొద్దు" అంది కూర్మమ్మ. జట్టంతా దానికేసి తిరిగి చూసింది. "రూలు తెలిసే ఆడినాం. నాడు తాడొగ్గీసినందుకు ఓడిపోనాం, నేడు రెండు మార్కులకి ఓడిపోనాం. మల్లీ పరీచ్చెప్పుడు సార్?"

"వచ్చే నెల."

"అయితే వచ్చే నెల తెస్తాం" అని దణ్ణం పెట్టి బయటికి నడిచింది. గొంతు గట్టిగానే ఉంది. గుమ్మం దాటాక మాత్రం ఏడుపు ఆగలేదు. ఇంత లాగినా వల ఒడ్డుకి రాలేదని ఏడ్చింది.

ఆటోలో అరుణశ్రీ తల ఎత్తలేదు. పేట దగ్గర దిగాక, "నాను రేపు రాను కూర్మీ. నా వల్లే పోనాది. ఆల్ల మొకాలు ఎలగ సూడను?" అంది.

కూర్మమ్మకి కోపం వచ్చింది. దాని భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఒసే ఎర్రిమొకమా! మైదానం నిండా జనం సూస్తుండగా నాను తాడొగ్గీసినాను. ఒకపాలి కాదు, రెండుపాల్లు. మర్నాడు నాను బడికి రాలేదేటి? నీవూ వస్తావు. కొసకొచ్చినావు, అంతే. రేపు ముందర నీవే నిలబడాల."

అరుణశ్రీ వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఒకప్పటి ఆటల పిరియడ్, ఇప్పుడు లెక్కలు. సన్యాసిరావు గారు బోర్డు మీద ఒక లెక్క వేశాడు. కొంచెం కష్టమైనదే. "ఎవరు చేస్తారు?" అన్నాడు. ఆ మాట ఆయన అలవాటు కొద్దీ అనేవాడు, జవాబు కోసం కాదు. అనేసి తనే బోర్డు వైపు తిరిగి చేసేవాడు. ఆ రోజు కూడా తిరగబోయాడు. వెనక నుంచి బెంచీ కిర్రుమంది.

"నాను సేస్తాను సార్" అంది అరుణశ్రీ.

ఆయన ఆగిపోయాడు. "నువ్వా?"

"కొసన ఉన్నది నానే గద సార్. ముందర నానే రావాల."

నడిచి బోర్డు దగ్గరికి వచ్చింది. సుద్దముక్క తీసుకుంది. ఒక వరస రాసింది. రెండో వరస తప్పు రాసి, తనే చెరిపింది. మూడో వరస దగ్గర ఆగిపోయింది. అనిత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"తరవాత?" అంది కూర్మమ్మ.

"తరవాత?" అన్నారు జట్టు పిల్లలు. ఇంకో క్షణానికి జట్టు కానివాళ్ళు, బెంచీ పోయిందని మొహం ముడుచుకున్నవాడితో సహా, "తరవాత? తరవాత?" అనడం మొదలెట్టారు. అరుణశ్రీ కళ్ళు మూసుకుంది, తెరిచింది, రాసింది. ఇంకో వరస రాసింది. చివర ఎక్స్ ఎంతో తేల్చి, కింద రెండు గీతలు కొట్టి, సుద్దముక్క సార్ చేతిలో పెట్టింది. లెక్క సరిపోయింది.

సన్యాసిరావు గారు ఆ లెక్కని మొదటి వరస నుంచి చివరి దాకా చూశాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు.

"పాసయిన పిల్లల్ని చాలామందిని చూశానమ్మా. నిన్న ఫెయిలయ్యి, ఇవాళ పిలవకుండా బోర్డు దగ్గరికి వచ్చిన పిల్లని నా సర్వీసులో చూడలేదు. ఇది నేను నేర్పలేదు. ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు" అన్నాడు. "రూలు పెట్టింది నేను, తీసేసేదీ నేనే. ఆ రెండు మార్కులు మాత్రం వచ్చే నెల తెచ్చి చూపించాలి, వదలను. కూర్మమ్మా, వెళ్ళి తాడు తియ్యి."

తాళంచెవి చేతిలో పడగానే కూర్మమ్మ ఎలా పరిగెత్తిందో చెప్పనక్కర్లేదు. బీరువా తెరిచి తాడుని గుండెలకి హత్తుకుంది. బూజు వాసన వేసినా పట్టించుకోలేదు.

మైదానంలో ఎదుటి జట్టు లేదు. "మేం లాగుతాం" అన్నారు పంతుళ్ళు. ఒకరిద్దరు తక్కువైతే ఎర్రన్ననీ, వంట చేసే ఆవిణ్ణీ కలుపుకున్నారు. సన్యాసిరావు గారు చొక్కా చేతులు మడిచి, బరువైన మనిషిని కాబట్టి కొసన నేనుంటానని తాడు చివర పట్టుకున్నాడు. ఇవతల కొసన కూర్మమ్మ. సుహాసిని టీచర్ విజిలు ఊదింది.

"హైలెస్సా!"

ఆ కేక ఎన్నాళ్ళో గొంతులో ఆగి ఉంది, పైఊరంతా వినబడింది. పిల్లలు ఒక్కటై లాగారు. కూర్మమ్మ వెనక్కి నడిచింది. ఒకచోటికి వచ్చేసరికి కాళ్ళు పరుగందుకోబోయాయి. పళ్ళు బిగించి మడమలు నేలలో గుచ్చింది. వదల్లేదు. పంతుళ్ళు మొదట్లో కాసేపు నిలబడ్డారు, తర్వాత గీత వైపు జారడం మొదలెట్టారు. ముందున్న సోషల్ మేస్టారి చెప్పు తెగింది. పిల్లలంతా గోలగోలగా అరుస్తున్నారు. ఉన్నట్టుండి సన్యాసిరావు గారు తాడు వదిలేసి, బొజ్జ ఊగిపోతుండగా పరిగెత్తుకుంటూ వచ్చి, సోషల్ మేస్టారి ముందు నిలబడి మళ్ళీ తాడు పట్టుకున్నాడు!

విజిలు మోగింది. "ఫౌల్ సార్!" అంది సుహాసిని టీచర్, నవ్వాపుకోలేక.

మైదానం మైదానమంతా పగలబడి నవ్వింది. ఆయన తాడు పట్టుకునే రొప్పుతూ నిలబడ్డాడు. మొహమంతా చెమట. ఎదురుగా, ఏడుగురి అవతల, కూర్మమ్మ ఒక్కతే నవ్వకుండా ఆయన్నే చూస్తోంది.

"రూలు తెలుసు. వదలకూడదనీ తెలుసు" అన్నాడాయన ఆ పిల్లతోనే, గుక్క తిప్పుకుంటూ. "ముందు బరువెక్కువైపోయినట్టనిపించిందమ్మా. కాళ్ళు వెళ్ళిపోయాయి."

కూర్మమ్మకి గుండెల మీంచి ఏదో దిగిపోయింది. పోటీల రోజున జనం అన్న మాటలన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, తాడు ఉంది.

"పరవాలేదు సార్, అలవాటవ్వాల" అంది. "ఎనక్కెల్లి కొస పట్టుకోండి. ఇంకోపాలి లాగుదాం."